మౌసం తెచ్చిన మెహమాన్లు

1802 డిసెంబరు. ఆస్ట్రేలియా ఉత్తరాన కార్పెంటారియా సింధుశాఖ వెంట ఒక ఇంగ్లీషు జహాజు మెల్లగా కదులుతోంది. దాని పేరు ఇన్వెస్టిగేటర్. కెప్టెన్ మాథ్యూ ఫ్లిండర్స్, వయసు 28. ఆ సాహిల్‌కు సరైన నక్షా గీయమని సర్కారు ఆయన్ను పంపింది. జహాజులో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు. మొక్కల్ని, జంతువుల్ని చూసి బొమ్మలు గీసే ఫెర్డినాండ్ బావర్ ఉన్నాడు. ఇంతవరకూ ఎవరూ చూడని దునియాను చూడబోతున్నామన్న ఉత్సాహం అందరిలోనూ ఉంది.

కానీ పెల్యూ దీవుల దగ్గర దిగి చూస్తే ఇసుక మీద ఎవరివో నిషానీలు. పగిలిన కుండ పెంకులు, వెదురు తడికెలు, ఆకుల్ని నూలు దారంతో కుట్టి చేసిన టోపీలు, నీలం రంగు నూలు పాజామా పేలికలు, కొయ్య లంగరు, పడవ చుక్కానులు. ఇనుప గొడ్డలితో నరికిన చెట్లు. రాళ్ళు వరసగా పేర్చి కట్టిన పొయ్యిలు. అక్కడి ఆదివాసులు ఇనుము తయారు చేయరు, కుండలు చేయరు, నూలు నేయరు. మరి వచ్చిందెవరు? చైనా వాళ్ళై ఉంటారని ఫ్లిండర్స్ అంచనా వేశాడు.

జవాబు రెండు నెలల తర్వాత దొరికింది. 1803 ఫిబ్రవరి 17న ఆర్నెమ్ ల్యాండ్ ఈశాన్య కొసన, కొన్ని దీవుల చాటున ఆరు తెరచాప పడవలు లంగరు వేసి కనిపించాయి. సముద్రపు దొంగలేమోనని ఫ్లిండర్స్ తోపుల్ని సిద్ధం చేయించాడు. తీరా చూస్తే వాళ్ళు తాజిర్లు. ఇవాళ్టి ఇండోనేషియాలోని సులవేసి దీవి, మకస్సార్ రేవు నుంచి వచ్చారు. అంతా ముసల్మానులు. జహాజు వంటవాడు మలయా మనిషి కావడంతో అతనే తర్జుమా చేశాడు.

ఆ పడవల సర్దార్ పేరు పోబాసూ. పొట్టిగా ఉన్న పెద్దాయన. గత ఇరవై ఏళ్ళలో ఆరేడు సార్లు ఈ తీరానికి వచ్చానన్నాడు. ఈ ఆరు పడవలే కాదు, మొత్తం 60 పడవలు, సుమారు వెయ్యి మంది మనుషులు ఆ సీజన్లో తీరమంతా పరుచుకుని ఉన్నారన్నాడు. అంటే ఫ్లిండర్స్ ఖాళీ అనుకుని నక్షా గీస్తున్న సముద్రంలో అదే సమయానికి వెయ్యి మంది నావికులు పని చేసుకుంటున్నారన్నమాట.

మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ కితాబు తెరిస్తే కొలంబస్, వాస్కో డ గామా, కెప్టెన్ కుక్ వరసగా కనిపించేవారు. వాళ్ళు ‘దర్యాఫ్త్’ చేశారని చదివి పరీక్ష రాశాం. కనుక్కున్నారు అని తెలుగులో. పోబాసూ పేరు ఉర్దూ కితాబులోనూ లేదు, ఆ తర్వాత చదివిన తెలుగు పుస్తకాల్లోనూ లేదు. ఒక తీరాన్ని కనుక్కోవడం అంటే ఏమిటి అని అడగాలనుకుంటే పోబాసూ దగ్గర మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తుంది.

నాఖుదా, మౌసం

ఆ పడవల కెప్టెన్లను అక్కడ నఖోదా అంటారు. ఉర్దూ తెలిసినవాళ్ళకు ఈ లఫ్జ్ విడమరచి చెప్పనక్కర్లేదు. నాఖుదా. ఫార్సీలో ‘నావ్’ అంటే నావ, ‘ఖుదా’ అంటే మాలిక్. నావకు మాలిక్. ఇరాన్ నుంచి గుజరాత్, మలబారు, మచిలీపట్నం మీదుగా మలయా దాకా హిందూ మహాసముద్రమంతా ఈ ఒక్క లఫ్జ్‌తోనే కెప్టెన్లను పిలిచింది. మన తెలుగు సముద్రం మాటలు చూడండి. లంగరు, సరంగు, కలాసీ, ఇవన్నీ ఆ దారినే వచ్చిన మాటలు. చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చింది. సముద్రం మీద జబాన్‌లకు సరిహద్దులు పెద్దగా ఉండవు.

మౌసం కూడా అంతే. అరబ్బీలో మౌసిమ్ అంటే నిర్ణీత సమయం. అరబ్ నావికుల నోట అది గాలి మారే కాలమైంది. పోర్చుగీసు వాళ్ళ ద్వారా ఇంగ్లీషులోకి పోయి మాన్సూన్ అయింది. మలయాలో ముసిమ్ అయింది. మనం రుతుపవనాలంటున్నది దాన్నే.

మకస్సార్ నావికుల సఫర్ మొత్తం ఈ మౌసం మీద నడిచేది. డిసెంబరులో వాయవ్యం గాలి మొదలవగానే పడవలు బయల్దేరతాయి. తిమోర్ వైపు దిగి, అక్కడి నుంచి నేల కనిపించని సముద్రం దాటి, 1500 కిలోమీటర్లకు పైగా పోయి ఆర్నెమ్ ల్యాండ్ చేరతాయి. గాలి కలిసొస్తే రెండు వారాల లోపే. అక్కడి నుంచి తీరం వెంట తూర్పుకు జరుగుతూ పని చేసుకుంటాయి. ఏప్రిల్లో గాలి తిరిగి ఆగ్నేయం నుంచి వీస్తుంది. అదే గాలితో ఇంటికి. గాలే తెచ్చేది, గాలే తీసుకుపోయేది. ఉండిపోదామనుకున్నా గాలి ఏడాదికి ఒక్కసారే తిరుగుతుంది. ఫ్లిండర్స్ మాట మీద పోబాసూ ఒక్క రోజు అదనంగా ఆగాడు. అంతకంటే ఆగలేనన్నాడు. వాయవ్యం గాలి ఇక నెల రోజులు కూడా ఉండదు, అప్పటికే ఆలస్యమైంది అని ఆయన ఫికర్.

ఆ పడవల్ని పెరాహూలంటారు. ఈ దూర ప్రయాణాలకు వాడిన రకం పేరు పదేవకాంగ్. పలకల్ని ఇనుప మేకులతో కాకుండా కొయ్య చీలలతో బిగించేవారు. తెరచాప కొయ్య ఒక్కటి కాదు, ముక్కాలిపీటలా మూడు కలిపి నిలబెట్టేవారు. బాద్‌బాన్ అంటే తెరచాప గుడ్డతో చేసింది కాదు, తాటి జాతి చెట్ల ఆకు నారతో నేసిన చాప. ఏటవాలుగా వేలాడుతుంది. చుక్కానులు రెండు, వెనక చెరో పక్కన. ఒక్కో పడవ 25 టన్నులు, 20 నుంచి 25 మంది మనుషులు. నెలకు సరిపడా నీళ్ళు వెదురు బొంగుల్లో. తినడానికి బియ్యం, కొబ్బరికాయలు, ఎండు చేపలు, కొన్ని కోళ్ళు. రెండు చిన్న ఇత్తడి తోపులు. నక్షా లేదు. దిక్కు చూసుకోడానికి ఒక చిన్న కుతుబ్‌నుమా, అదీ డచ్చి వాళ్ళది లాగుంది. వీటిలో చాలావరకు ఫ్లిండర్స్ రాసిపెట్టిన వివరాలే. ఆయనలో నాకు నచ్చేది ఇదే. ఎదుటివాడి పనిని శ్రద్ధగా చూసి రాశాడు.

ఇంకో సంగతి కూడా రాశాడు. ఇంగ్లీషు పడవలో పందుల్ని చూసి ఆరుగురు నాఖుదాలు హడలిపోయారట. పోర్టు వైనుకు మాత్రం అభ్యంతరం చెప్పలేదట. వెళ్తూ వెళ్తూ ఒక సీసా అడిగి పట్టుకెళ్ళారట! నావికుల పరహేజ్‌కు ఎక్కడో ఒక చోట సడలింపు ఉంటుంది మరి.

పోబాసూ కొడుకు నోట్సు

ఆ ములాఖత్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక చిన్న సంఘటన. ఈ దేశంలో తెల్లవాళ్ళ బస్తీ ఒకటుందని మకస్సార్ వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. ఇంగ్లీషువాళ్ళు సిడ్నీ దగ్గర పోర్ట్ జాక్సన్‌లో దిగింది 1788లో. పదిహేనేళ్ళవుతున్నా ఖబర్ ఉత్తరానికి చేరలేదు. ఫ్లిండర్స్ ఆ పేరు చెప్పగానే పోబాసూ కొడుకు దాన్ని రాసుకున్నాడు. ఎడమ నుంచి కుడికి రాశాడని ఫ్లిండర్స్ ప్రత్యేకంగా గమనించాడు.

సులవేసిలో మకస్సార్, బుగిస్ జనం వాడే లిపి లొంతర. అది ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. మూలం బ్రాహ్మీ. అంటే మన తెలుగు లిపికి దూరపు చుట్టం. నమాజ్ అరబ్బీలో, లెక్కల పుస్తకం బ్రాహ్మీ సంతానమైన లిపిలో. ఇంట్లో కుడి నుంచి ఎడమకు, ఆఫీసులో ఎడమ నుంచి కుడికి రాసే నాలాంటి వాడికి ఇది పరాయి ముచ్చటలా అనిపించదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజు దర్యాఫ్త్ రెండు వైపులా జరిగింది. ఫ్లిండర్స్ మకస్సార్ వాళ్ళను కనుక్కున్నాడు, పోబాసూ కొడుకు ఇంగ్లీషువాళ్ళను కనుక్కున్నాడు. ఒకరి నోట్సు 1814లో లండన్లో పుస్తకంగా అచ్చయింది. ఇంకొకరి నోట్సు ఏమైందో. ‘ఆస్ట్రేలియా’ అనే పేరును జనంలోకి తెచ్చింది కూడా ఫ్లిండర్సే. మకస్సార్ వాళ్ళు ఆ తీరాన్ని పిలిచిన పేరు మరెగె. ఆర్నెమ్ ల్యాండ్ అనే పేరైతే 1623లో అటు వచ్చిన ఒక డచ్చి జహాజుది.

మకస్సార్‌కు మన తీరంతో కూడా పాత రిష్తా ఉంది. 17వ శతాబ్దంలో అది లవంగాలు, జాజికాయల బజారు. కోరమాండల్ బట్టలు, మచిలీపట్నం చుట్టుపక్కల మగ్గాలవి కూడా, ఆ దీవుల్లో మసాలాలకు బదులుగా చెల్లేవి. 1615లో డచ్చి కంపెనీ వచ్చి ఫలానా దీవులకు మీ పడవలు పోరాదని అంటే, మకస్సార్ పాలకుడు సుల్తాన్ అలావుద్దీన్ ఒప్పుకోలేదు. అల్లాహ్ నేలను మనుషులకు పంచిపెట్టాడు, సముద్రాన్ని అందరికీ కలిపి ఇచ్చాడు, దాని మీద పోవద్దనే మాట ఎప్పుడూ వినలేదు అనే అర్థంలో జవాబిచ్చాడు. అర్ధ శతాబ్దం తర్వాత, 1667 ఒప్పందంతో కంపెనీ ఆ రాజ్యాన్ని లొంగదీసుకుంది. మసాలా తిజారత్ చేతులు మారింది. కంపెనీ పట్టించుకోని దక్షిణ సముద్రం మాత్రం మిగిలింది.

బురద తినే బంగారం

ఇంత దూరం వచ్చింది దేనికోసం? సముద్ర దోసకాయ కోసం. మలయాలో తెరిపాంగ్, ఇంగ్లీషులో ట్రెపాంగ్.

చూడ్డానికి అందమైన జీవి కాదు. తలా తోకా తెలియని తోలు సంచీలా ఇసుకలో పడి ఉంటుంది. నక్షత్ర చేపలకు బంధువు. దీనికి మెదడు లేదు, కళ్ళు లేవు. ఊపిరి పీల్చేది వెనక ద్వారం నుంచి. ఇసుకను మింగి, అందులోని కుళ్ళిన పదార్థాన్ని అరిగించుకుని, శుభ్రమైన ఇసుకను బయటికి వదులుతుంది. సముద్రం అడుగు నేలకు ఇది వానపాము లాంటిది. శత్రువు మీద పడితే కొన్ని రకాలు సొంత పేగుల్నే బయటికి కక్కి తప్పించుకుంటాయి. కొన్ని వారాల్లో పేగులు మళ్ళీ పెరుగుతాయి.

చైనా వాళ్ళు దీన్ని సముద్రపు జిన్సెంగ్ అంటారు. దావత్‌లకు, దవాలకు శతాబ్దాలుగా దాని మీద మోజు. ఆర్నెమ్ ల్యాండ్ తీరంలో లోతు తక్కువ, ఇసుక బురద ఎక్కువ, నీళ్ళు వెచ్చన. మేలు రకం ట్రెపాంగ్‌కు అంతకంటే మంచి చోటు ఉండదు.

పోటు తగ్గినప్పుడు నడుచుకుంటూ ఏరేవారు. లోతున్న చోట దూకి మునిగేవారు. మూడు నుంచి ఎనిమిది బారల లోతుకు దిగి ఒక్కో మునకకు ఎనిమిదో పదో పట్టుకొచ్చేవారని పోబాసూ చెప్పాడు. ఒడ్డున పొయ్యిల మీద పెద్ద ఇనుప బానలు. ట్రెపాంగ్‌ను పక్కన చీల్చి, ఉడకబెట్టి, రాళ్ళ కింద నొక్కి, వెదురు పుల్లలతో సాగదీసి ఎండబెడతారు. ఆ తర్వాత పొగ పెడతారు. ఉడికి ఎండాక మొదటి బరువులో పదో వంతు కూడా మిగలదు. వెయ్యి ట్రెపాంగ్‌లు ఎండితే ఒక పికుల్, అంటే సుమారు 125 డచ్చి పౌండ్లు. వంద పికుళ్ళు నిండితే ఒక పడవకు సరుకు. లెక్క వేయండి. ఒక్క పడవకు లక్ష ప్రాణులు, ఒక్కొక్కటీ చేత్తో ఏరినవే.

ఆ తీరం కూడా మామూలు తీరం కాదు. మన కోరింగ మడ అడవుల్ని చూసినవాళ్ళు వాటిని వందల కిలోమీటర్ల పొడవున ఊహించుకోండి. ఆ మడల్లో ఆరు మీటర్ల దాకా పెరిగే ఉప్పునీటి మొసళ్ళు. సముద్రపు గడ్డి మేసే డుగాంగ్‌లు, మనం సముద్రపు ఆవులంటామే, అవి. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేళ్ళు. వానాకాలంలో తీరానికి చేరే పెట్టె ఆకారపు జెల్లీఫిష్. దాని దారాలు ఒంటికి చుట్టుకుంటే మనిషి నిమిషాల్లో పోవచ్చు. మకస్సార్ వాళ్ళు మునిగింది సరిగ్గా ఆ వానాకాలంలోనే. ఏ వాగులో మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ మలుపులో మొసలి ఉంటుంది, ఏ దిబ్బ మీద ట్రెపాంగ్ లావుగా పెరుగుతుంది, ఇదంతా తండ్రి నుంచి కొడుక్కి నోటి మాటగా అందిన ఇల్మ్. బ్రౌన్ సేకరించిన మొక్కలు లండన్ చేరి పేర్లు పెట్టించుకున్నాయి. ఈ ఇల్మ్‌కు కేటలాగ్ లేదు.

చింతచెట్లు, మాటలు

మరెగె తీరం ఖాళీది కాదు. యోల్ంగు, అనిందిల్యాక్వా, ఇంకా ఎన్నో ఆదివాసీ కౌమ్‌లు అక్కడ కనీసం 50 వేల ఏళ్ళుగా ఉన్నాయి. ప్రతి ఖాతానికీ, ప్రతి ఇసుక తిన్నెకూ హక్కుదారులున్నారు. మకస్సార్ నావికులు వాళ్ళతో కుదుర్చుకునే ఒడ్డున పొయ్యి పెట్టుకునేవారు. బియ్యం, బట్ట, పొగాకు, సారా, కత్తులు, గొడ్డళ్ళు ఇచ్చేవారు. ట్రెపాంగ్‌తో పాటు తాబేలు పెంకు, ముత్యపు చిప్పలు పట్టుకుపోయేవారు. ఆదివాసులు పనిలో చేయి కలిపేవారు. కొందరు పెరాహూ ఎక్కి మకస్సార్ చూసొచ్చారు. కొందరు అక్కడే ఉండిపోయారు. పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు పుట్టారు.

యోల్ంగుల జీవితంలో దీనివల్ల పెద్ద ఫర్క్ వచ్చింది. అంతకుముందు వాళ్ళవి చెట్టు బెరడు పడవలు. మకస్సార్ వాళ్ళ నుంచి మాను తొలిచే పడవ నేర్చుకున్నారు. పేరు లిపలిప, మాటా అక్కడిదే. హార్పూన్ మొనకు ఇనుము వచ్చింది. ఒడ్డుకు దూరంగా పోయి డుగాంగ్‌నూ తాబేలునూ వేటాడటం సులువైంది.

మాటలు వందల్లో మిగిలిపోయాయి. యోల్ంగు భాషలో తెల్లవాణ్ణి బలండ అంటారు. హాలండర్ అనే మాట మకస్సార్ నోట పడి ఇలా అయింది. అంటే వాళ్ళు తెల్లవాణ్ణి కళ్ళతో చూడకముందే వాడి పేరు ముసల్మాను నావికుల నోట విన్నారన్నమాట. డబ్బును రుపియ అంటారు. ఈ మాట మన రూపాయే. సంస్కృతం నుంచి హిందుస్తానీకి, అక్కణ్ణించి మలయా దీవులకు, అక్కణ్ణించి ఆర్నెమ్ ల్యాండ్‌కు. ఆస్ట్రేలియాలో చెల్లేది డాలరే అయినా అక్కడి యోల్ంగు ముసలమ్మ లెక్కపెట్టేది రుపియల్లోనే.

ఇంకొకటి చింతచెట్టు. మకస్సార్ వాళ్ళు పులుపు లేకుండా వండరు. చింతపండు పడవలో తప్పనిసరి. గింజలు పడ్డ చోటల్లా చెట్లు లేచాయి. ఇప్పుడు పురావస్తు పరిశోధకులు ఆ తీరంలో పాత మకాంలు వెతకాలంటే ముందు చింతచెట్టు కోసం చూస్తారు. దాని కింద తవ్వితే రాళ్ళ పొయ్యిల వరస, కుండ పెంకులు దొరుకుతాయి. టామరిండ్ అనే ఇంగ్లీషు మాట అరబ్బీ ‘తమర్ హిందీ’ నుంచి వచ్చింది. హిందూస్తాన్ ఖర్జూరం అని అర్థం. చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా, పేరు హిందూస్తాన్ మీద, నాటింది సులవేసి నావికులు, నీడ యోల్ంగు పిల్లలకు.

దీన్ సంగతి కూడా చెప్పాలి. ఎల్కో దీవి యోల్ంగుల పూజా తంతుల్లో వలిత వలిత అనే పేరు వస్తుంది. అది ‘అల్లాహ్ తఆలా’కు రూపాంతరమని ఇయాన్ మెకింతోష్ లాంటి మానవశాస్త్రవేత్తలు భావించారు. మయ్యత్ తంతుల్లో జెండాలు, తెరచాప కొయ్య బొమ్మలు, ఓడ బయల్దేరే పాటలు ఉంటాయి. మౌసం మారాక పెరాహూ వెళ్ళిపోయినట్టు పోయినవాడి రూహ్ వెళ్ళిపోతుందన్న భావన. దీన్ని చూసి యోల్ంగులు ముసల్మానులయ్యారనడం సరికాదు. వాళ్ళు తమ దీన్‌లోకి మెహమాన్ల జ్ఞాపకాన్ని ఆహ్వానించారు, అంతే. మకస్సార్ వాళ్ళు కూడా ప్రచారకుల్ని తెచ్చినట్టు దాఖలా లేదు.

పోబాసూ మోకాలు

ఇదంతా వింటే తేనె పూసిన కహానీలా ఉంటుంది. కానీ పోబాసూ మోకాలికి బల్లెం గాయం మచ్చ ఉంది. ఒకప్పుడు ఆదివాసులతో జరిగిన లడాయిలో తగిలింది. ఆ సీజన్లో కూడా ఒకడికి గాయమైంది. జాగ్రత్తగా ఉండమని ఫ్లిండర్స్‌ను ఆయన హెచ్చరించాడు. సారా గొడవలు, ఆడవాళ్ళ మీద చేయి వేస్తే రక్తపాతం, కూలి ఎగ్గొడితే పగ, ఇవన్నీ ఆదివాసుల నోటి కథల్లోనూ ఉన్నాయి. పడవలు తగలబడ్డాయి, మనుషులు పోయారు. వాళ్ళు వచ్చింది మునాఫా కోసం. లక్షల ప్రాణుల్ని ఉడకబెట్టి పట్టుకుపోయారు.

ఐనా ఒక తేడా ఉంది. పోబాసూను కలవడానికి నెల ముందు, 1803 జనవరిలో, ఫ్లిండర్స్ మనుషులు అదే తీరంలో ఒక దీవి మీద దిగారు. గొడవ జరిగింది. ఒక ఇంగ్లీషు అధికారికి బల్లేలు దిగాయి. ఒక ఆదివాసిని కాల్చి చంపారు. అది ఫ్లిండర్స్ ఇష్టపడి చేయించింది కాదు, విని బాధపడ్డాడు. తర్వాత పక్కనున్న పెద్ద ఖాతానికి అక్కడి నీలి బురదను చూసి బ్లూ మడ్ బే అని పేరు పెట్టి ముందుకు సాగాడు. పేరు నక్షా మీదికెక్కింది. నక్షా సర్కారు చేతికెళ్ళింది. పేరు పెట్టినవాడిదే నేల అన్న కానూను ఆ తర్వాత వచ్చింది. మకస్సార్ వాళ్ళతో లడాయి జరిగితే మర్నాటి సీజన్లో మళ్ళీ ఆ ఒడ్డునే, ఆ మనుషులతోనే మాట కలుపుకోవాలి. లేకపోతే ఒడ్డు దొరకదు. ఇంగ్లీషువాళ్ళకు ఆ అవసరం పడలేదు.

లైసెన్సు లేదు

1824 నుంచి 1849 వరకు ఇంగ్లీషువాళ్ళు ఉత్తర తీరంలో మూడు చోట్ల కోటలు కట్టారు. మకస్సార్ తిజారత్‌ను తమవైపు తిప్పుకుని ఇంకో సింగపూర్ చేయాలని ఆశ. జ్వరాలు, తుఫాన్లు, ఒంటరితనం. మూడూ వదిలేసి వెళ్ళారు. తిమోర్ నుంచి తెచ్చిన బర్రెలు మాత్రం అడవిలో మిగిలి పెరిగాయి.

1863లో ఆ ప్రాంతం సౌత్ ఆస్ట్రేలియా సర్కారు కిందికి వచ్చింది. 1880ల నుంచి పెరాహూలు లైసెన్సు తీసుకోవాలి, తెచ్చే బియ్యానికీ పొగాకుకూ సారాకూ మహసూల్ కట్టాలి. ఎన్నో తరాలుగా వచ్చే వాళ్ళను ఒక కస్టమ్స్ అఫ్సర్ ఆపి కాగితం అడిగాడు. కట్టారు. కట్టలేనివాళ్ళు రావడం మానేశారు. పడవల సంఖ్య ఏటా తగ్గింది.

1901లో ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. తెల్లవాళ్ళు కానివాళ్ళు రాకూడదన్న వలస చట్టం అదే ఏడాది వచ్చింది. ఆ హవాలోనే 1906లో సౌత్ ఆస్ట్రేలియా సర్కారు బయటి పెరాహూలకు ఇక లైసెన్సు ఇవ్వబోమని హుకుం జారీ చేసింది. ట్రెపాంగ్ వ్యాపారం స్థానిక తెల్లవాళ్ళకు దక్కాలి, ఆదివాసులకు సారా అందకూడదు అని కారణాలు చెప్పారు. 1906–07 సీజన్లో వచ్చిన చివరి పెరాహూ పేరు బుంగ ఎజాయ. దాని నాఖుదా ఉసింగ్ దాయెంగ్ రంక. ఉసింగ్ అంటే మన హుసేన్.

ఆదివాసుల్ని ఎవరూ అడగలేదు. ఏ ఒడ్డుకు ఎవరు రావాలో చెప్పే హక్కు తరతరాలుగా తమదనుకున్నవాళ్ళకు, ఆ ఏడు డిసెంబరులో వాయవ్యం గాలి వచ్చింది గానీ తెరచాపలు రాలేదు. యీర్కల దగ్గర వుర్‌వుర్‌వుయ్ అనే చోట యోల్ంగులు నేల మీద రాళ్ళు పేర్చి పెరాహూల ఆకారాలు చేసి ఉంచారు. పడవ లోపలి గదులు, ట్రెపాంగ్ ఉడకబెట్టే పొయ్యిలు, లిపలిపలు, అన్నీ రాళ్ళతో. చూడనివాళ్ళకు చూపించడానికి చేసిన పాఠ్యపుస్తకం లాంటిది. 2013లో ఆస్ట్రేలియా దాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.

మకస్సార్ వాళ్ళు మొదటిసారి ఎప్పుడొచ్చారో పండితుల్లో బహస్ ఉంది. 1780 ప్రాంతమని కొందరు, ఇంకా ముందని కొందరు. జులిర్రి అనే కొండ గుహలో ఒక పెరాహూ బొమ్మ మీద తేనెమైనంతో చేసిన పాము బొమ్మ ఉంది. మైనం వయసు కొలిస్తే, కింది పెరాహూ 1664 కంటే ముందే గీసి ఉండాలని తేలింది. అది నిజమైతే కెప్టెన్ కుక్ రాకకు వందేళ్ళ ముందే తెరచాప అక్కడి రాతి మీదికెక్కింది.

ఇజాజత్

సులవేసిలోని తానా బేరు వడ్రంగులు పాత పద్ధతిలో ఒక పదేవకాంగ్ కట్టారు. పేరు హతి మరెగె, మరెగె హృదయం అని అర్థం. పీటర్ స్పిలెట్ అనే డార్విన్ చరిత్రకారుడి పట్టుదల దాని వెనక ఉంది. 1988లో ఇంజను లేకుండా, గాలి మీదే అది ఆర్నెమ్ ల్యాండ్ చేరింది. ఎనభై ఏళ్ళ తర్వాత వచ్చిన చుట్టాలను యోల్ంగులు పాటలతో ఆహ్వానించారు. ఆ పడవ ఇప్పుడు డార్విన్ మ్యూజియంలో ఉంది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో సంగతి జరిగింది. తమ ఒడ్డున పోటు నీళ్ళలో ఎవరు పడితే వాళ్ళు వచ్చి వేటాడటం మీద బ్లూ మడ్ బే యోల్ంగులు ముకద్దమా వేశారు. ఫ్లిండర్స్ పేరు పెట్టిన ఖాతమే అది. 2008 జులై 30న ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి సర్వోన్నత న్యాయస్థానం, తీర్పు చెప్పింది. ఆదివాసీ హక్కున్న నేలల్లో పోటు గీతకూ ఆటు గీతకూ మధ్యనున్న నీళ్ళలోకి రావాలంటే, చేపల లైసెన్సు ఉన్నవాడైనా సరే, వాళ్ళ ఇజాజత్ తీసుకోవాల్సిందే. నార్తర్న్ టెరిటరీ తీరంలో సుమారు 80 శాతానికి ఇది వర్తిస్తుంది. ట్రెపాంగ్ ఏరే ఇసుక కూడా చాలావరకు ఆ రెండు గీతల మధ్యే.

సముద్రం అందరిదీ అన్నాడు మకస్సార్ సుల్తాన్. ఒడ్డు మాత్రం అక్కడ ఉండేవాళ్ళదని ఆయన నావికులకు సఫర్‌లో తెలిసొచ్చింది, కొన్నిసార్లు బల్లెం దెబ్బతో. తెల్ల సర్కారు ఆ మాటను రాతపూర్వకంగా ఒప్పుకోడానికి, పోబాసూను ఫ్లిండర్స్ కలిసిన రోజు నుంచి లెక్కేస్తే, 205 ఏళ్ళు పట్టింది.

పోబాసూ వెళ్తూ వెళ్తూ ఫ్లిండర్స్‌ను రెండు అడిగాడు. ఒక ఇంగ్లీషు జెండా, ఇక మీద ఎదురయ్యే ఇంగ్లీషు జహాజులకు చూపించడానికి ఒక ఖత్. ఫ్లిండర్స్ రెండూ ఇచ్చాడు. ఆ రోజు ఆ తీరం గురించి ఎక్కువ తెలిసిన మనిషి, తక్కువ తెలిసిన మనిషి దగ్గర గుర్తింపు కాగితం తీసుకున్నాడు. లైసెన్సుల కథ మొదలైంది అక్కడేనని నాకనిపిస్తుంది. ఫ్లిండర్స్ ఒక దీవికి ఆయన పేరు పెట్టాడు. పోబాసూ దీవి ఇప్పటికీ నక్షా మీద ఉంది.